101 కొడితే ఎవరి ఫోన్ మోగింది? ఆఫీసు ఇంటర్‌కామ్ పెట్టెలో మనం చూడని సెట్టింగులు

ఈ రోజు మీ చేతిలో ఉన్న స్మార్ట్‌ఫోన్ గురించి కాదు. మీ నాన్నగారి ఆఫీసులోనో, కాలేజీ ప్రిన్సిపాల్ గారి రూములోనో, హోటల్ రిసెప్షన్‌లోనో టేబుల్ మీద వైరుతో ఒక ఫోన్ ఉంటుంది చూశారా, దాని గురించి. మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా షాపులో ఇంటర్‌కామ్ పెట్టె ఉంది, కాల్ ట్రాన్స్‌ఫర్ చేద్దామని ఫ్లాష్ నొక్కితే కట్ అయిపోతోంది, ఎక్కడ మార్చాలి" అని. రెండు ముక్కల్లో జవాబు చెప్పేద్దాం అనుకున్నాను. కానీ ఆ ప్రశ్న చూడగానే నేనే చేసిన ఒక తప్పు గుర్తొచ్చింది. అది చెప్పకుండా ఈ సెట్టింగులు చెప్పడం నాకు సరిగ్గా అనిపించలేదు. అందుకని ఏకంగా ఎపిసోడే చేస్తున్నాను.

ముందు ఈ పెట్టె ఏంటో చెప్తాను. దీన్ని ఈపీఏబీఎక్స్ అంటారు. ఆఫీసులో ఒక చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ అనుకోండి. ఒక పక్క బయట నుంచి ల్యాండ్‌లైన్లు వస్తాయి, వాటిని ట్రంకు లైన్లు అంటాం. ఇంకో పక్క లోపలి ఫోన్లు, అంటే ఎక్స్‌టెన్షన్లు. చిన్న ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేది 3 లైన్లు, 8 ఎక్స్‌టెన్షన్ల పెట్టె. మా ఫీల్డులో దాన్ని "త్రీ ఎయిట్" అంటాం. లోపల ఒకరికొకరు నంబర్ కొడితే చాలు, డబ్బులు పడవు. బయటకి వెళ్ళాలంటే ముందు 0 కొట్టాలి. కొన్ని చోట్ల 9 ఉంటుంది. అంతే సంగతి.

నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు మా గురువుగారు ఒక మాట అన్నారు. "ఒరే, పెట్టెకి కళ్ళు లేవురా. దానికి తెలిసింది ఒక్కటే, లైను తెగిందా, ఎంతసేపు తెగింది. మిగతాదంతా మనం చెప్పిందే." ఫ్లాష్ కథ మొత్తం ఈ మాటలో ఉంది.

ఎలాగో చూడండి. పాతకాలం డయల్ ఫోన్లు సినిమాల్లో చూసే ఉంటారు, వేలు పెట్టి తిప్పేవి. దాంట్లో 5 తిప్పితే లైను 5 సార్లు టకటకా తెగి అతుక్కుంటుంది. సెకనుకి 10 సార్ల వేగం. ఒక్కో తెగడం సుమారు 60 మిల్లీసెకన్లు. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. ఎక్స్ఛేంజ్ ఆ తెగడాలు లెక్కపెట్టి "ఓహో 5" అనుకుంటుంది. ఇప్పుడు ఫ్లాష్ బటన్ ఏం చేస్తుంది? అది కూడా లైనుని తెంపుతుంది. కాకపోతే ఇంకాస్త ఎక్కువ సేపు. మరి ఫోన్ పెట్టేస్తే? అది కూడా తెగడమే, ఇంకా ఎక్కువ సేపు. అంటే అంకె, ఫ్లాష్, ఫోన్ పెట్టేయడం, మూడూ పెట్టెకి ఒకే పని. ఎంతసేపు అన్నదాన్ని బట్టే అర్థం మారుతుంది. ఆ హద్దులు మనమే పెట్టాలి. "ఇంత నుంచి ఇంత వరకు తెగితే ఫ్లాష్, అంతకు మించితే ఫోన్ పెట్టేసినట్టు" అని.

ఇప్పుడు మన తమ్ముడి సమస్య. కొన్ని ఫోన్లలో ఫ్లాష్ టైము 100 మిల్లీసెకన్లు ఉంటుంది, కొన్నిట్లో 300, కొన్నిట్లో 600. అడుగున చిన్న స్విచ్ ఉండే ఫోన్లు కూడా వస్తాయి. నీ ఫోన్ 600 తెంపుతోంది, పెట్టెలో ఫ్లాష్ పైహద్దు 500 ఉంది అనుకో. పెట్టె ఏమనుకుంటుంది? పెట్టేశాడు అనుకుంటుంది. కాల్ కట్. కాబట్టి తమ్ముడూ, ముందు ఫోన్ తిరగేసి అడుగున స్విచ్ ఉందేమో చూడు. లేకపోతే పెట్టె ప్రోగ్రామింగ్‌లో ఫ్లాష్ టైమ్ అనో, హుక్ స్విచ్ టైమింగ్ అనో ఉంటుంది, దాని పైహద్దు కొంచెం పెంచు. కొంచెమే. ఎందుకంటే బాగా పెంచితే రివర్స్ అవుతుంది.

ఆ రివర్స్ నేను ఒక పళ్ళ డాక్టర్ గారి క్లినిక్‌లో చూశాను. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి చాలా చురుకు. ఒక కాల్ అవ్వగానే ఫోన్ టక్కున పెట్టి వెంటనే ఎత్తి ఇంకో నంబర్ కొట్టేది. అక్కడ ఫ్లాష్ పైహద్దు ఎవరో ఒక సెకను దాటించి పెట్టారు. ఆమె పెట్టి ఎత్తేది సెకను లోపే. పెట్టెకి అది ఫ్లాష్. దాంతో అవతల పేషెంటు కట్ అవ్వకుండా హోల్డ్‌లో ఉండిపోయేవాడు, మ్యూజిక్ వింటూ. కాసేపటికి ఆమె ఫోన్ తనంతట తనే మోగేది, ఎత్తితే ఇందాకటి పేషెంటే. "ఏంటమ్మా మళ్ళీ చేశావు" అని ఆయన, "మీరే కదండీ చేశారు" అని ఈమె. పది రోజులు ఇదే గొడవట. పాపం ఆ అమ్మాయికి ఫోన్ వాడడం రాదని డాక్టర్ గారు తేల్చేశారు కూడా. హద్దు 600కి దించాను, అయిపోయింది. డాక్టర్ గారి ముందే చెప్పాను, అమ్మాయి తప్పు కాదు సార్ అని.

ఇంకో సెట్టింగు, లైను తగులుకుని ఉండిపోవడం. బయటి మనిషి ఫోన్ పెట్టేశాడు, అయినా మన లైను ఎంగేజ్‌లోనే ఉంటుంది. కారణం ఏంటంటే, మామూలు ల్యాండ్‌లైన్లో చాలాసార్లు అవతలివాళ్ళు పెట్టేసినట్టు పెట్టెకి వేరే సిగ్నల్ రాదు, ఎక్స్ఛేంజ్ నుంచి బిజీ టోన్ మాత్రమే వస్తుంది. మనిషి వింటే ఆ కూత విని పెట్టేస్తాడు. వినేది ఆటో అటెండెంటు గొంతు, అదే "స్వాగతం, ఎక్స్‌టెన్షన్ నంబర్ నొక్కండి" అనేది అయితే, ఆ టోను పెట్టే గుర్తుపట్టాలి. మన దేశంలో బిజీ టోన్ 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. అమెరికాలో రెండు టోన్లు కలిపి, అర సెకను మోగి అర సెకను ఆగుతుంది. కాబట్టి పెట్టెలో దేశం సెట్టింగు తప్పుంటే అది మన కూతని కూతే అనుకోదు. ఆన్‌లైన్లో చవగ్గా వచ్చిందని వేరే దేశానికి చేసిన పెట్టె కొన్నవాళ్ళకి ఎక్కువగా వచ్చే రోగం ఇదే. ముందు దేశం చూడండి, తర్వాతే మిగతావి.

పాజ్ టైమ్ గురించి కూడా ఒక్క మాట. స్పీడ్ డయల్ నొక్కినప్పుడు పెట్టె లైను తీసుకుని తనే నంబర్ కొడుతుంది. ఎక్స్ఛేంజ్ నుంచి డయల్ టోన్ రాకముందే కొట్టేస్తే మొదటి అంకె గాల్లో పోతుంది. ఇప్పుడు ఇది ఎక్కువగా బయటపడుతోంది, ఎందుకంటే 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే ముందు 0 కొట్టాలి అన్న రూల్ వచ్చింది. పోయేది ఆ సున్నాయే. దాంతో "సున్నా కలిపి డయల్ చేయండి" అని ప్రకటన వస్తుంది, మనం సున్నా కలిపే కొట్టాం కదా అని బుర్ర గోక్కుంటాం. పాజ్ ఒక సెకను పెంచితే సరిపోతుంది.

ఆ సున్నా వల్ల ఇంకో తలనొప్పి. ఆఫీసు ఫోన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే ఇప్పుడు రెండు సున్నాలు కొట్టాలి. మొదటి సున్నా మన పెట్టె తినేస్తుంది, లైను ఇవ్వడానికి. రెండోది ఎక్స్ఛేంజ్‌కి వెళ్తుంది. పాతరోజుల్లో ఎస్టీడీ బిల్లు భయానికి రెండో సున్నా మీద లాక్ వేసేవాళ్ళం. ఆ లాక్ తీయని ఆఫీసుల్లో 2021 తర్వాత మొబైళ్ళకి కాల్ పోవడం ఆగిపోయింది. సరే, మొబైల్‌కి వదిలి ఎస్టీడీకి ఆపుదాం అంటే కుదరదు. విజయవాడ కోడ్ 0866, గుంటూరు 0863. మొబైల్ నంబర్లు కూడా 8తో మొదలవుతాయి. రెండూ సున్నాతో కలిపి 11 అంకెలే. పెట్టెకి తేడా తెలిసే దారి లేదు. ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే, ఎస్టీడీ లాక్ తీసేయండి, ఐఎస్‌డీ కోసం 00 మాత్రం ఆపండి. ఇప్పుడు చాలా ప్లాన్లలో ఎస్టీడీకి వేరే బిల్లు ఏముంది గనక.

సరే. ఇవన్నీ చిరాకు పుట్టించే సమస్యలు, మహా అయితే ఒక కాల్ పోతుంది. ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

గుంటూరు చుట్టుపక్కల ఒక జిన్నింగ్ మిల్లు. తెలియనివాళ్ళకి, జిన్నింగ్ మిల్లు అంటే పత్తి నుంచి గింజ వేరు చేసే చోటు. సీజన్లో అక్కడ పత్తి కొండల్లా పోసి ఉంటుంది. పత్తిలో చిన్న రాయో, ఇనుప ముక్కో వచ్చి మిషన్లో పడితే నిప్పురవ్వ లేస్తుంది, ఆ రవ్వ చాలు. అందుకే గేటు దగ్గరే అగ్గిపెట్టెలు, బీడీలు తీసేసుకుంటారు. ఈ మిల్లులో సెల్‌ఫోన్లు కూడా గేటు రూములో బీరువాలో పెట్టించేవారు. రాత్రి షిఫ్టు లేని రోజుల్లో ఆ బీరువా తాళం సూపర్‌వైజర్ ఇంటికి తీసుకెళ్ళిపోయేవాడు. వాచ్‌మన్‌కి సొంత ఫోన్ లేదు. అరవై దాటిన మనిషి, నేను బాబాయ్ అనేవాణ్ణి. ఆయనకి ఉన్నది గేటు రూములో నేను పెట్టిన ఎక్స్‌టెన్షన్ ఒక్కటే.

అవును, ఆ సిస్టమ్ పెట్టింది నేనే. త్రీ ఎయిట్ పెట్టె. చాలా చిన్న పెట్టెల్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే ఎక్స్‌టెన్షన్ నంబర్లు వేసి ఉంటాయి. 101, 102, 103, అలా 108 దాకా. నేను అవి మార్చలేదు. మార్చాల్సిన పని ఏముంది అనుకున్నాను. మొదటి నంబర్ ఓనరు గారికి ఇవ్వడం మర్యాద, కాబట్టి 101 మేడ మీద ఆయన క్యాబిన్. 102 మేనేజర్, 103 అకౌంట్స్, అలా వెళ్తూ 107 గేటు రూము, 108 స్టోర్ రూము. చక్కగా చార్ట్ ప్రింట్ తీసి, ల్యామినేషన్ చేయించి ప్రతి ఫోన్ పక్కనా అంటించాను. టైమింగ్స్ అన్నీ సరిచూశాను, ఫ్లాష్ చూశాను, ట్రాన్స్‌ఫర్ చేసి ఎవరూ ఎత్తకపోతే 30 సెకన్లకి తిరిగి వచ్చేలా పెట్టాను. ఓనరు గారు "రాత్రిపూట గేటు దగ్గర నుంచి బయటకి ఫోన్లు పోకూడదు" అన్నారు. నైట్ మోడ్‌లో 107కి బయటి కాల్స్ ఆపేశాను. బిల్లు తీసుకుని వచ్చేశాను. పని బాగా చేశానన్న తృప్తి కూడా ఉంది.

మీలో కొందరికి ఈపాటికి వెలిగి ఉంటుంది.

నాలుగు నెలల తర్వాత, రాత్రి రెండు దాటాక షెడ్డు వెనక పత్తి కుప్ప నుంచి పొగ. బాబాయ్ చూశాడు. మిల్లు గోడ మీద పెద్ద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది, అగ్నిమాపక కేంద్రం 101 అని. ఆయనకి చదువు అంతంతమాత్రమే కానీ ఆ నంబర్ నోటికొచ్చు. గేటు రూములోకి పరిగెత్తి 101 కొట్టాడు. రింగ్ అయింది. ఎవరూ ఎత్తలేదు. పెట్టి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ రింగే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ ఫోన్ నుంచి తప్పు నంబర్ అని కూత వచ్చి ఉంటే ఆయన వెంటనే ఇంకో దారి చూసుకునేవాడు. కూత రాలేదు. చక్కగా రింగ్ వినిపించింది. రింగ్ అవుతుంటే ఎవరైనా ఏం చేస్తారు, ఎత్తుతారని ఆగుతారు. ఆయన ఆగాడు. ఎంతసేపు ఆగాడో ఆయనకే తెలీదు, "చానాసేపు అబ్బాయ్" అన్నాడు. ఆ చానాసేపూ మేడ మీద తాళం వేసిన క్యాబిన్లో ఓనరు గారి ఫోన్ మోగుతూ ఉంది.

చివరికి ఫోన్ వదిలేసి రోడ్డు మీదకి వచ్చి, లోడుతో పోతున్న లారీని ఆపి, డ్రైవర్ సెల్ నుంచి చేయించాడు. ఫైరింజన్ వచ్చింది. మనుషులకి ఏమీ కాలేదు. ఒక కుప్ప కాలింది, షెడ్డు రేకులు కొన్ని పోయాయి. గాలి ఇంకో వైపు వీచి ఉంటే ఏమయ్యేదో మిల్లులో అందరికీ తెలుసు.

పొద్దున్నే మేనేజర్ ఫోన్ చేశాడు, ఇంటర్‌కామ్ పనిచేయట్లేదు రమ్మని. నాకు మంట సంగతి వెళ్ళేదాకా తెలీదు. బాబాయ్ గేటు దగ్గరే కూర్చుని ఉన్నాడు, చొక్కా అంతా మసి. నన్ను చూడగానే ఆయన అడిగిన మొదటి మాట, "అబ్బాయ్, ఫైరోళ్ళు రాత్రి ఫోన్ ఎత్తరా?" అని. కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగాడు. నేను గేటు రూములోకి వెళ్ళి 101 కొట్టాను. మేడ మీద నుంచి రింగు వినిపించింది. కిటికీలోంచి, స్పష్టంగా. రిసీవర్ పెట్టేసి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

అప్పుడు ల్యామినేషన్ చేసిన నా చార్ట్ చూశాను. 101 ఓనరు. 101 అంటే ఫైర్. 102 మేనేజర్. 102 అంబులెన్స్ నంబర్. 104 ఆరోగ్య సలహాల నంబర్. 108 స్టోర్ రూము. 108 మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2005లో మొదలైన సర్వీసు, పల్లెటూళ్ళో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. ఆ మిల్లులో ఎవరికైనా చేయి మిషన్లో పడి 108 కొడితే పత్తి సంచుల మధ్యలో ఫోన్ మోగేది. నేను అంతకుముందు ఎన్ని చోట్ల అవే నంబర్లు అలాగే వదిలేసి వచ్చానో అప్పుడు లెక్కపెట్టుకున్నాను. ఒక స్కూలు ఉంది అందులో.

ఇంకా ఉంది. పోనీ బాబాయ్ 0 కొట్టి 101 కొట్టి ఉంటే? పోదు. నైట్ మోడ్‌లో ఆ ఫోన్‌కి బయటి లైను నేనే ఆపేశాను. అలా ఆపినా కొన్ని నంబర్లు మాత్రం వదిలేలా ఎమర్జెన్సీ నంబర్ల పట్టిక చాలా పెట్టెల్లో ఉంటుంది. నా పెట్టెలోనూ ఉంది. తెరిచి చూస్తే ఖాళీ. నేను ఆ పేజీ దాకా ఎప్పుడూ వెళ్ళలేదు.

మూడోది కరెంటు. మంట అంటుకుంటే ఎవరైనా మొదట చేసేది మెయిన్ ఆపేయడం, ఆపాలి కూడా. మెయిన్ ఆపితే పెట్టెకి కరెంటు పోతుంది. యూపీఎస్ ఉంటే కాసేపు, లేకపోతే లోపలి ఫోన్లన్నీ చచ్చినట్టే. రాగి తీగ ల్యాండ్‌లైన్‌కి ఎక్స్ఛేంజ్ నుంచే దాదాపు 48 వోల్టులు వస్తాయి కాబట్టి లైను బతికే ఉంటుంది. అందుకే చాలా పెట్టెల్లో ఒక ఏర్పాటు ఉంటుంది, కరెంటు పోగానే మొదటి బయటి లైను నేరుగా మొదటి ఎక్స్‌టెన్షన్‌కి కలిసిపోతుంది. మొదటి ఎక్స్‌టెన్షన్ అంటే? తాళం వేసిన క్యాబిన్. పైగా అక్కడ డిస్‌ప్లే ఉన్న కీ ఫోన్ పెట్టాను, అది పెట్టె కరెంటు మీద నడిచేది, కరెంటు లేకపోతే పనిచేయదు. అంటే మిల్లు మొత్తంలో కరెంటు లేనప్పుడు బయటకి ఫోన్ చేయగలిగే చోటు ఒకే ఒక్కటి, అక్కడ మనిషీ ఉండడు, పనిచేసే ఫోనూ లేదు.

ఇది నా ఒక్కడికే జరిగిన పొరపాటు కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, మార్షల్ అనే ఊళ్ళో 2013 డిసెంబరులో ఒక మోటల్ గదిలో కేరీ హంట్ అనే ఆమెని దూరంగా ఉంటున్న భర్త పొడిచి చంపాడు. పక్కనే ఉన్న ఆమె కూతురు, తొమ్మిదేళ్ళ పాప, గది ఫోన్ నుంచి నాలుగు సార్లు 911 కొట్టింది. అక్కడ పోలీసుకైనా అంబులెన్సుకైనా అదే నంబర్. కాల్ పోలేదు. ఎందుకంటే ఆ మోటల్ ఫోన్‌లో బయటకి వెళ్ళాలంటే ముందు 9 కొట్టాలి. పాపకి బళ్ళోనూ ఇంట్లోనూ నేర్పింది 911 అని. నేర్పినట్టే కొట్టింది. ఆ తర్వాత పాప తాతగారు పట్టుబట్టి తిరిగితే 2018లో కేరీ పేరు మీదే చట్టం వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తర్వాత అక్కడ కొత్తగా పెట్టే ఇలాంటి ఫోన్ సిస్టమ్ ఏదైనా, ముందు ఏ అంకే లేకుండా 911 నేరుగా పోవాలి. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు, నిజంగా చెప్తున్నాను.

సరే, మిల్లులో ఏం చేశానో చెప్తాను, ఈ పని చేసేవాళ్ళకి పనికొస్తుంది.

ముందు నంబర్లు మార్చాను. 101 సిరీస్ మొత్తం తీసేసి 201 నుంచి 208. చెప్పినంత తేలిక కాదు. మేనేజర్ గారు "అందరికీ అలవాటైపోయిందయ్యా" అన్నారు. ఆటో అటెండెంటులో రికార్డు చేసిన గొంతు మార్చాలి, చార్టులు మార్చాలి, విజిటింగ్ కార్డుల మీద వేయించుకున్న ఎక్స్‌టెన్షన్ మార్చాలి. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను. కొత్తగా పెట్టేవాళ్ళకి ఈ బాధ లేదు, మొదటి రోజే 2తో మొదలుపెట్టండి.

తర్వాత ఎమర్జెన్సీ పట్టికలో 100, 101, 108, 112 ఎక్కించాను. 112 మీకు తెలుసు కదా, ఇప్పుడు దేశమంతటికీ ఒకటే నంబర్. ఈ పట్టికలో ఎక్కిస్తే రాత్రి లాక్ ఉన్నా ఇవి పోతాయి. పెద్ద పెట్టెల్లో అయితే 101 అని నేరుగా కొట్టినా పెట్టే లైను పట్టి పంపేలా పెట్టొచ్చు. ఈ చిన్న పెట్టెలో అది లేదు, ముందు 0 కొట్టాల్సిందే. అంటే గోడ మీద 101 అని ఉంటుంది, ఫోన్‌లో 0101 కొట్టాలి. ఇది నాకు నచ్చలేదు. కనీసం 1తో మొదలయ్యే ఎక్స్‌టెన్షన్ ఏదీ లేదు కాబట్టి, ఉత్త 101 కొడితే ఇప్పుడు రింగు రాదు, వెంటనే తప్పు కూత వస్తుంది. అది కూడా మేలే. ఫోన్ మీదే ఎర్ర స్టిక్కర్ వేశాను, ఫైర్ 0-101, ఆంబులెన్స్ 0-108 అని.

హాట్‌లైన్ అని ఇంకో సెట్టింగు ఉంది. రిసీవర్ ఎత్తి ఏమీ కొట్టకుండా కొన్ని సెకన్లు ఊరుకుంటే పెట్టే ముందే చెప్పిన నంబర్‌కి కొడుతుంది. గేటు ఫోన్‌కి ఇది పెడదాం అనుకున్నాను. దాన్ని 112కి పెడితే, బాబాయ్ ఫోన్ ఎత్తి "ఏం నంబరబ్బా" అని ఆలోచించే లోపు పోలీసులకి పోతుంది. రోజుకి నాలుగుసార్లు అలా పోతే వాళ్ళు ఏమంటారు? ఓనరు గారూ నేనూ మాట్లాడుకుని, రాత్రిపూట నాలుగు సెకన్లు ఆగితే ఓనరు గారి సెల్‌కి పోయేలా పెట్టాం. ఆ నంబర్ ముందు సున్నా మరచిపోకుండా, పాజ్ పెట్టి మరీ. ఆయన ఫోన్ సైలెంట్లో పెట్టి పడుకుంటే? అది నాకిప్పటికీ అనుమానమే. ఇంతకంటే మంచి దారి ఎవరికైనా తెలిస్తే చెప్పండి, నేర్చుకుంటాను.

కరెంటు సంగతికి, మొదటి పోర్టు వైరు క్యాబిన్ నుంచి తీసి గేటు రూముకి ఇచ్చాను. అక్కడ మామూలు ఫోన్, కరెంటు అక్కర్లేనిది. కరెంటు ఉన్నంతసేపు పెట్టె ద్వారా, పోతే నేరుగా ల్యాండ్‌లైన్. అలా నేరుగా కలిసినప్పుడు మళ్ళీ 0 అక్కర్లేదు, ఉత్త 101 చాలు. ఇది బాబాయ్‌కి చెప్తుంటే ఆయన నా మొహం చూసి, "అంటే కరెంటుంటే ఒకటి, లేకపోతే ఇంకోటా?" అన్నాడు. "0 కొట్టు బాబాయ్, కూత వస్తే పెట్టేసి ఉత్తదే కొట్టు" అన్నాను. సిగ్గేసింది చెప్తుంటే. ఇంతకంటే తేలిగ్గా చేయగలిగి ఉండాలి.

ఓనరు గారు మాత్రం ఒక్కసారి అడిగారు. "మొదటి నంబర్ నాది కదయ్యా, 201 కూడా గేటుకే ఇచ్చావేం?" అని. మొదటి పోర్టు కాబట్టి ఆ నంబర్ వచ్చింది, కావాలంటే నంబర్ మార్చి మీకిస్తానన్నాను. కొంచెంసేపు ఊరుకుని "వద్దులే, ఆయనకే ఉండనీ" అన్నారు.

టెస్టింగ్ ఎలా చేశానని అడుగుతారు. ఎమర్జెన్సీ నంబర్లకి ఊరికే కొట్టి చూడకూడదు. నేను బండేసుకుని ఫైర్ స్టేషన్‌కి వెళ్ళి, విషయం చెప్పి, ఫలానా టైముకి మిల్లు నుంచి ఒక్క టెస్టు కాల్ వస్తుందండీ అని చెప్పి వచ్చాను. డ్యూటీలో ఉన్నాయన ముందు వింతగా చూసి తర్వాత టీ కూడా ఇప్పించాడు. మిల్లుకి వచ్చి నేను కొట్టలేదు, బాబాయ్ చేతే కొట్టించాను. మెయిన్ ఆన్ చేసి ఒకసారి, ఆపి ఒకసారి. రెండోసారి అవతల గొంతు వినిపించగానే ఆయన నేను నేర్పిన టెస్టు కాల్ మాట మర్చిపోయి, "అయ్యా, ఎత్తారా! ఎత్తారబ్బాయ్!" అని నా వైపు తిరిగి అరిచాడు. అవతలాయన నవ్వడం నాకు ఇక్కడికి వినిపించింది.

ఆ వారం నేను వేరే కొత్త పని ఒప్పుకోలేదు. అంతకుముందు పెట్టిన చోట్లన్నీ తిరిగాను. స్కూలుకి ముందు వెళ్ళాను.

మీరు పని చేసే చోట, మీ కాలేజీ హాస్టల్లో ఇలాంటి ఫోన్ ఉంటే దాని పక్కన అంటించిన చార్ట్ ఒకసారి చూడండి. 100, 101, 108, 112 వీటిలో ఏదైనా ఎవరి టేబుల్‌కో ఇచ్చి ఉంటే అక్కడ ఇంటర్‌కామ్ చూసుకునే అతనికి చెప్పండి. ఆయన విసుక్కుంటే ఈ వీడియో చూపించండి. నన్ను తిట్టుకున్నా పర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో ఐపీ ఫోన్ల గురించి మాట్లాడుకుందాం, అందులో కరెంటు పోతే ఏమవుతుందన్నది ఇంకో పెద్ద కథ. ఉంటాను మరి, నమస్తే.